పడుగుకు ఎవరూ రాని పొద్దు

పుష్యమాసపు చలిలో పరుగెత్తి వచ్చిన కొడుకు, జమ్మలమడుగు నేతవీధి పొడవునా గంజి పెట్టి పరిచిన పడుగు నూలు పక్కన కుంచెతో ఒంటరిగా నిలబడ్డ తండ్రిని చూసి ఆగాడు. అప్పుడే ఎండ పడింది.

"యాడికి పోయింటివిరా?"

"తెలీదా నాయనా? కొత్త రాష్ట్రానికి పోలీసులను తీసుకుంటాండారు. పరుగులో నెగ్గల్ల."

"ఇంత చలిలో పరిగెత్తేకి లేస్తావు. పడుగుకు గంజి పెట్టేకి మాత్రం లెయ్యవు."

"నాకొద్దు ఈ గంజి బతుకు. ఎన్నిసార్లు చెప్పల్ల?"

"వద్దులే. ఆ పడుగు చూడు."

"ఏందిది, పోగులన్నీ అంటుకపోయినాయి? ఎండ రాకముందే కుంచె కొట్టల్ల కదా!"

"ఒక్కణ్ణే ఎట్ల కొట్టేది? ఆ చివరికి పొయ్యేలోపల గంజి ఆరిపాయ."

"వీధిలోవాళ్లు ఏమైనారు? మన పడుగుకు వాళ్లు రావల్ల కదా?"

"వాళ్ల పడుగులకు నువ్వు పోతివా?"

"నేను పరిగెత్తేకి పోయింటి."

"నేనూ ఇంటింటికీ పోయి తలుపులు కొడితి."

"ఒక్కరూ రాలేదా?"

"రాలేదు. కట్టె లేంది అడుగెయ్యలేని చౌడప్ప మామ గూడా తలుపు తియ్యకుండానే చెప్పె, 'నేనూ పరిగెత్తేకి పోతాండాప్పా' అని."