గానుగ సందులో నీళ్లొచ్చిన పొద్దు

సుంకమ్మని ఒకామె ఉండె. గానుగ సందులో కడాకు ఇల్లు. మొగుడు మద్దిలేటి, బండల ఫ్యాక్టరీలో పాలిష్ పట్టి పట్టి, ఆ దుమ్మంతా రొమ్ములో పేరుకోని, నాలుగడుగులేస్తే దమ్ము వచ్చేకాటికి వచ్చినాడు. అప్పటికే మన ఊరిని టౌనులో కలిపేసిరి కదా. కలిపినంక ఏమైందంటే, కొళాయిలకు మీటర్లు బిగించిరి. ముందు ఎట్లుండె? కొళాయికి ఇంత అని ఏడాదికొక తూరి కడితే అయిపోతుండె. ఇప్పుడట్ల కాదంట. ఒక గీత గీసినారంట, గీత లోపలుంటే ఒక రేటు, ఒక్క బిందె దాటినా మొత్తానికి మూడింతలంట. దాని మీద మురుగు కాలవ బిల్లు ఇంకోటి. ఓయబ్బ, ఆ సందులో కాలవే ల్యాదు సామీ, నీళ్లు దోవలోనే ఇంకుతాయి! అదే మాట పోయి అడిగితే ఆఫీసులో ఆయప్ప అన్యాడంట, "ఏమ్మా, వచ్చిన నీళ్లు యాడికో ఒకసోటికి పోవాల గదా" అని. నవ్వుతారేందబ్బా, మీకూ వచ్చేదే ఆ బిల్లు.

సరే, సుంకమ్మ ఇంట్లో ఏమాయ, మద్దిలేటి దగ్గితే నెత్తురు. పొద్దుగూకులూ గుడ్డలే. ఉతకకుంటే ఎట్ల? ఉతికింది. ఉతికితే మీటరు తిరిగె, గీత దాటె. రెండు బిల్లులు కట్టల్యాకపోయింది, వచ్చి కొళాయికి సీలేసి పోయిరి. మరి ఎట్ల బతికిరి అంటారా? సందులో ఆడోళ్లే బతికించిరి. నీళ్లు వారానికొకనాడు వస్తాయి. వచ్చిన పొద్దు ఇంటికొక బిందె తెచ్చి ఆమె తొట్లో పోసేటోళ్లు. ఎదురింట్లో గిడ్డవ్వ అని ముసిలామె, నోరు శానా చెడ్డది, ఆమే అందర్నీ కేకలేసి పోయించేది. "మీటరు మీటరని ఏడుస్తారేమే, మనిషి ముఖం చూడండే" అని.

ఇంగ ఇది బాగ ఇనండి. మన పక్క ఆచారం తెలుసు గదా. సందులో పీనుగుంటే ఆ సందులో ఏ ఇంట్లోనూ నీళ్లు నిలవుండకూడదు. ఏడుపు ఇనపడిందంటే బిందె, కడవ, తొట్టి, అన్నీ బోర్లించాల. బాయినీళ్ల కాలంలో పెట్టుకున్న ఆచారం. పీనుగు లేసినాక మళ్లా చేదుకునేటోళ్లు, ఏం పోయె? ఇప్పుడు పారబోస్తే మళ్లా వారం దాక సుక్క ల్యాదు. ట్యాంకరు పిలిపించుకుంటే అదీ బిల్లులోకే ఎక్కిస్తారంట. కట్టల్యాకపోతే సందులో అన్ని కొళాయిలకూ సీలే, అనుకో. మద్దిలేటి ఎప్పుడు పోయినాడు? నీళ్లొచ్చిన పొద్దే! అందరూ పట్టుకోని, ఆమె తొట్టి గుడక నింపి పోయిన గడియకే. గంజి తాపుదామని పిలిచిందంట, పలకల్యా. మళ్లా పిలిచిందంట. రొమ్ము మీద చెయ్యి పెట్టి చూసిందంట. ఏడ్సేదానికి నోరు తెరిచింది, తెరిస్తే బయట ఆడోళ్లు నవ్వుకుంటా బిందెలు మోసేది ఇనపడె. పక్కింట్లో పురుటిబిడ్డ ఉండాది. నేనిప్పుడు ఏడిస్తే ఆ బిడ్డకు నీళ్లు ల్యాకుండ చేస్తా గదా, ఇన్నినాళ్లు నాకు పోసినోళ్లకు ఇదా నేను చేసేది, అనుకున్యాదంట. కొంగు నోట్లో కుక్కుకుంది. మొగుడు సచ్చినాడు, ఏడ్సేదానికి ల్యాదు!

ఊరి బయట పోయినోనికైతే సందుకు మైల ల్యాదు. కాకపోతే అట్ల పోయినోన్ని మళ్లా ఇంటికి తేకూడదు, అట్నుంచి అట్లే మన్ను చేయాల. అది తలుచుకోని ఆమె ఏం చేసిందంటే, మరిది వరస పిల్లోడు ఉరుకుందు, ఆటో తోల్తాడు, వానికి ఫోను చేసి, మీ అన్నకు దమ్ము ఎక్కువైంది, ఆస్పత్రికి పోవాల, బిన్నా రా అనింది. వాడు వచ్చినాడు, సంకల కింద చెయ్యి పెట్టినాడు, పెట్టి ఆమె పక్క చూసినాడు. "వదినా..." "పట్టుకో." "వదినా, అన్న..." "నీకు దండం పెడతా ఉరుకుందూ, నోరెత్తాకు, పట్టుకో." ఇద్దరూ మోసకొచ్చి ఆటోలో కూకోబెట్టి, మెడకు టవాలు చుట్టి, తల తన భుజాన ఆనించుకోని కూర్చున్యాది. సందంతా వాకిట్లోకి వచ్చె. "రొంత ఓర్చుకో, వచ్చేసె ఆస్పత్రి" అని ఆయప్పతో మాట్లాడుకుంటా ఉండాదంట. ఆటో కదిలేలోపల గిడ్డవ్వ గలాసు ఎత్తుకోని అడ్డమొచ్చె. "దమ్మొచ్చినోనికి గొంతు తడపకుండ తీసకపోతారా, బుద్ధి ల్యాదూ?" అని తిట్టుకుంటా మద్దిలేటి నోట్లో పోసిందంట. నీళ్లు లోపలికి పోల్యా. మూతి పక్క నుంచి మెడ మీదికి, అంగీ మీదికి కారె. గిడ్డవ్వ చెయ్యి నిలిచిపోయింది. సుంకమ్మ ముఖం చూసింది. సుంకమ్మ మొగుని తలను ఇంకా దగ్గరికి ఆనించుకుంది. ముసిలామె ఒక్క కేక పెట్టిందంటే అయిపోయె అంతా. గిడ్డవ్వ తన కొంగుతో ఆయప్ప గడ్డం తుడిచి, వెనక్కి తిరిగి, "తాగినాడులే. దోవిడవండే, పోనీండి" అనింది.

ఊరి పొలిమేర కాడ వంక బ్రిడ్జి దాటినాక ఏడ్సిందంట సుంకమ్మ. ఉరుకుందు ఆటో నిలిపేసి వాడూ ఏడ్సినాడంట. ఇంటికి తేకూడదు గదా, శ్మశానం కాడ తానం చేయించేదానికి యాడివి నీళ్లు? అంగట్లో నీళ్ల పాకెట్లు మూట తెచ్చి, పండ్లతో కొరికి కొరికి పోసినారంట. సొంత వాకిట్లో పండబెట్టుకోల్యా, నా చేత్తో ఒక బిందె పోయల్యా అని ఆమె కొట్టుకుంటాంటే ఆపేటోళ్లు ల్యారు. సందులో ఆ పూట అందరూ వండుకొని తినిరి. గిడ్డవ్వ మాత్రం తలుపేసుకోని తన బిందెలన్నీ బోర్లించుకున్యాదంట. కోడలు చూసి పోరితే అప్పుడు చెప్పింది, అట్ల తెలిసె సందుకు.

ఎవురికీ కోపం రాల్యా. వచ్చింటే బాగుండు. ఏమైందంటే, కొన్నాళ్లకు గిడ్డవ్వకు పానం కడాకు వచ్చింది, అదీ నీళ్లొచ్చిన పొద్దే. ఆమే అనిందంట, "ఒరే ఉరుకుందుకు చెప్పండ్రా, నన్ను వంక దాటించండ్రా" అని. బతికుండంగనే ఎక్కింది. తీసకపోయి వంక అవతల తుమ్మచెట్టు కింద ఆటో నిలిపితే, మాపటి దాక పానం పోల్యా. కొడుకులు పక్కన కూచోని కాసుకోని ఉన్యారు. అంతే, ఆ పొద్దు నుంచి గానుగ సందులో ఎవురూ ఇంట్లో సావరు. మున్సిపాలిటీలో ఆ సందుకు శానా మంచి పేరంట, బిల్లు బాకీ పెట్టేది ఒక్కిల్లు గుడక ల్యాదంట.