ఖాజన్న, నేను, అమెరికా బండి

"తాతా, నేనొక పెద్ద పికప్ తీసుకుందామనుకుంటున్న. మండపాల సామాను ట్రాలీల ఏసుకొని గుంజాలె, ఇంట్లోల్లను ఎక్కించుకొని తిరగాలె. రెంటికీ ఒక్క బండి సరిపోతదా? నువ్వు ఖతర్ల నడిపినవట గదా?"

నడిపిన బిడ్డా, నడిపిన. ఎవలు చెప్పిన్రు, మీ అమ్మనా? రికార్డు చేస్తె చెయ్యి గని ఆ ఫోను గంత మూతి కాడ వెట్టకు, నాకు ఇబ్బందైతది. ఆఁ, గాడ వెట్టు. మన ఊరోల్లకైతె నేను దుబాయ్ పోయినోన్నే. ఖతర్ అంటె ఎవలికి ఎరుక? మీ అమ్మమ్మ పోయేదాక "మా ఆయన దుబాయ్ల ఉన్నప్పుడు" అనే చెప్పింది. నేను దుబాయ్ మొకమే చూడలే. ఇమానం ఆడ ఆగినప్పుడు గుడ సీట్ల కెల్లి లేవలే, లేస్తె నన్ను ఇడిశిపెట్టి పోతదని బుగులు.

తొంబయి నాలుగో అయిదో ఉంటది. మీ అమ్మ గప్పుడు బడికి పోతుండె. కాదు కాదు, ఇంకా పోతలేదు, మీ పెద్దమామ పోతుండె. ఇంటికి గోడలు లేశినయ్, స్లాబు పడలే. గోడల మీద రేకులు కప్పి ఉంటుండ్రి మీవోల్లు. గా స్లాబు కోసమే నేను పోయింది. పటేలు కాడ ట్రాక్టరు తోలేటోన్ని, లైసెన్సు ఉండె, ఏజెంటు హౌస్ డ్రైవర్ వీసా అని చెప్పి పంపిండు.

ఉండేది అల్ రయ్యాన్ల. పెద్ద ఇల్లు, సుట్టూత గోడ, గేటు పక్కన మా రూము. యజమానిని బాబా అనేది, ఆయన పెండ్లాన్ని మామా అనేది. నవ్వకు, మొదట్ల నాకు గుడ నవ్వే అచ్చింది. బాబా మంచోడే, మాట తక్వ. ఇద్దరం డ్రైవర్లం. నేనొకన్ని, కోరుట్ల ఖాజా ఒకడు. నాకంటె పెద్దోడు, ఖాజన్న అనేది. నా పేరు మల్లేశమైనా ఆయన నన్ను తమ్మీ అనేది. ఇంట్ల ఉర్దూ మాట్లాడెటోడు గాని తెలుగు నాకంటె మస్తు మాట్లాడేది. పెండ్లిల్ల, సావుల్ల, ఎవల మాట ఎట్లుంటదో చేసి చూపెట్టి నవ్విపిచ్చేది. నేను పోయిన కొత్తల పొద్దుమూకితె ఏడ్పు అచ్చేది నాకు. "క్యా రే తమ్మీ, ఏడిస్తె ఇమానం ఎనుకకు రాదు, ఉల్లిగడ్డలు కొయ్, కండ్లల్ల నీళ్లు ఎట్లైన వస్తున్నయ్ గదా" అనేటోడు.

నాది పాత చిన్న పికప్. ఎడారిల బాబాకు మేకల దొడ్డి ఉండె, దాన్ని ఇజ్బా అంటరు. ఆడికి నీళ్లు, గడ్డి మోసుడు నా డ్యూటీ. ఇంటి కారు ఖాజన్నది. పిల్లల్ని బడికి తోలుకపోవుడు, మామాను సుట్టాలిండ్లకు తీస్కపోవుడు. మాపటికి రూముల కలిసేది ఇద్దరం. శుక్రారం ఒక వారం నేను, ఒక వారం ఆయన ముంతజా బజారు దిక్కు పోయేది. ఆడ మన జగిత్యాల, కోరుట్ల పిలగాండ్లు మస్తుమంది కూడుదురు. ఒకలు పోతె ఒకలు డ్యూటీ చూస్కునేది. గట్ల నడుస్తుండె.

ఇగ బండి ముచ్చట. ఒకనాడు బాబా బామ్మర్ది ఒక బండి తెచ్చి వాకిట్ల నిలవెట్టిండు. అమెరికా బండి. ఓర్నాయనో, నేను దాని పక్కన నిలవడితె బానెట్టు నా ఛాతి దాక అచ్చింది. ముంగట ఇద్దరు, ఎనుక ముగ్గురు మంచిగ కాళ్లు సాపి కూసోవచ్చు, దాని ఎనుక మంచమంత డబ్బా. గేరు స్టీరింగు కాడ్నే. బాబా మా ఇద్దర్ని పిలిచి చెప్పిండు. "జెర దినాలు ఇద్దరు తోలుండ్రి. బడికి తోలుండ్రి, బజారుకు తోలుండ్రి, ఇజ్బాకు నీళ్ల ట్రాలీ గుంజుండ్రి. ఈ ఒక్క బండితోని అన్ని పనులు అయితయా చెప్పుండ్రి. అయితె పాత రెండు బండ్లు అమ్మేస్త."

నేను సంబురవడ్డ. నిజం, చిన్న పొల్లగాని లెక్క సంబురవడ్డ. గంత బండి తోలుడంటె! రూముకు వచ్చినంక ఖాజన్న పప్పుల పోపు ఏసుకుంట మెల్లగ అన్నడు. "రెండు బండ్లు అమ్మితె ఇద్దరు డ్రైవర్లు ఎందుకు తమ్మీ?"

గప్పుడు సమజయింది నాకు. ఒకలు పోవాలె. ఎవలు? నేను పోతె స్లాబు లేదు. ఆయన పోతె... ఆయన పోతె నేను ఆ రూముల ఎట్లుండాలె? ఆ రాత్రి అన్నం తినబుద్ధి కాలే నాకు.

కని తోలిన బిడ్డా, ఇద్దరం తోలినం. నీకు పనికొచ్చేది చెప్తా ఇను. దినాం తిరుగుడుకు గసొంటి బండి సుఖమే, సుఖం కాదు అననీకి లేదు. ఏసీ గడ్డ కట్టేది. కూసుంటె అంతా కనవడేది, చిన్న కార్లు కాళ్ల కాడ కోడిపిల్లల లెక్క. ఖాళీగ ఉన్నప్పుడు మాత్రం ఎనుక ఎగిరెగిరి పడేది. స్పీడు బ్రేకరు మీద పోతె పిల్లలు టాపు దాక ఎగిరి కిలకిల నవ్వుదురు, మామా తిడుతుండె. బరువు ఏస్తె గప్పుడు సాఫుగ పోతుండె. బజార్ల మాత్రం నరకమే. ముంతజా సందులల్ల మలుపు తిప్పాలంటె రెండు సార్లు ఎనుక ముందుకు కొట్టాలె, ఎనుక హారన్లు. నిలవెట్టనీకి జాగ దొరకకపోయేది. ఒక్క కొత్తిమీర కట్ట కోసం ఊరంత తిరిగిన. పెట్రోలైతె తాగుడే తాగుడు, ఆడ నీళ్ల సీస కంటె పెట్రోలు సస్త గనుక నడిచింది. ఇక్కడ నీకు నడువది, ముందే చెప్తున్న.

గుంజుడుల దానికి పేరు వెట్టనీకి లేదు. ట్రాలీ నిండ నీళ్లు నింపినా ఎనుక ఏదో ఉన్నదన్న సోయే ఉండకపోయేది. కని ఆపుడు కాడ జాగర్త. గుంజుడు బండి పని, ఆపుడు నీ పని. ముంగటి బండికి దూరం ఉండాలె. ఇంకొకటి, సగం ట్యాంకు నీళ్లు ఎన్నడు తోలకు. నిండుంటె మంచిగనే, ఖాళీ ఉంటె మంచిగనే, సగముంటె లోపట నీళ్లు ఇటు కొట్టి అటు కొట్టి బండిని గుద్దుతయి. ఒకపారి నన్ను రోడ్డు కింద దాక నూకినయ్. సామాను గుడ గంతే, కట్టకుంటె కదులుతది. ట్రాలీకి గొలుసులు రెండు కట్టు, ఒకటి తెగినా ఒకటి ఉంటది. యాది పెట్టుకుంటవా? ఫోనుల ఉన్నది గదా, సరే.

దాంట్ల టేపు మంచిగుండె. గప్పుడు ఇంటికాడ కెల్లి క్యాసెట్లల్ల మాటలు నింపి పంపుదురు, ఉత్తరం రాయరాని ఆడోల్లు. మీ అమ్మమ్మ క్యాసెట్ గా బండిలనే ఇన్న. "బాగున్నవా, మేము బాగున్నం, సిమెంటు రేటు పెరిగింది, మేస్త్రీ వస్తలేడు, పెద్దోనికి బూట్లు తే, మా అన్నకు గడియారం తే." ఎనుక కెల్లి మీ అమ్మ "నాకు బొమ్మ, నాకు బొమ్మ" అని అరుస్తున్నది. గా అరుపు కాడ ఆపి మల్ల తిప్పి ఇనేటోన్ని. ఎడారిల ఒక్కన్ని, ఏసీ చప్పుడు, బొమ్మ బొమ్మ అని దాని గొంతు. ఏం చెప్పాలె నీకు.

సరే. ఇగ అసలు తక్లీఫ్ ఎక్కడచ్చిందంటె, ట్రాలీ ఎనుకకు తోలుడు కాడ. ఇజ్బా గేటు ఇరుకు, రెండు దిక్కుల సిమెంటు నింపిన డ్రమ్ములు. ముందలికి కెల్లి లోపటికి పోతె మల్ల తిప్పనీకి జాగ లేదు. ఎనుకకు తోలుకుంటనే ట్యాంకు కాడికి పోవాలె. నాకు అలవాటే, ట్రాక్టరు ట్రాలీ తోలి తోలి చేతులకు తెలుసు. ట్రాలీ ఎడమకు పోవాలంటె స్టీరింగు కుడికి తిప్పాలె. ఖాజన్న ఎన్నడు ట్రాలీ తోలినోడు కాదు. కోరుట్లల జీపు నడిపిండు, ఈడ కారు నడిపిండు. ఆయన తిప్పితె ట్రాలీ పాము లెక్క మెలికలు తిరిగి బండికి అడ్డం వడేది. చెమటలు కారుతుండె.

నేనన్న, "ఖాజన్నా, నేర్పిత్త. ఇద్దరం ఒక్క తీరుగ తోలినమంటె బాబా ఎవల్ని తీసేస్తడు? ఇద్దరికి వచ్చు, ఇద్దరం ఉంటం. ఒక్క బండి సరిపోదని గుడ ఇద్దరం చెప్తం." ఎంత ఎడ్డితనం చూడు. పెద్దోల్లు ఇద్దర్ని ఉంచుకునేది పని వచ్చని అనుకున్నం మేము. ఉన్న పని ఒక్కనికే సరిపోయినంక పని వచ్చిన ఇద్దరు ఏం చేసుకుంటరు? కని గప్పుడు అది మాకు తట్టలే. మస్తు పెద్ద ఉపాయం అనుకున్నం.

పొద్దుగాల పిల్లల్ని బడిల దింపినంక నాతోని ఇజ్బాకు వస్తుండె. "చెయ్యి స్టీరింగు కింద పట్టు అన్నా, ట్రాలీ ఎటు పోవాలంటె చెయ్యి అటు జరుపు" అని చెప్పిన. అద్దంల చూసుడు నేర్పిన. మేకలు కాసే సూడాన్ ఆయన కూసోని నవ్వుతుండె మమ్మల్ని చూసి. ఒకనాడు ఖాజన్న డ్రమ్ముల నడిమి కెల్లి, ఇటు గీత వడకుంట అటు గీత వడకుంట, ఒక్క ఊపుల తీస్కపోయి ట్యాంకు కాడ నిలవెట్టిండు. దిగి నన్ను కావలిచ్చుకున్నడు. మల్ల తోలుమన్న, మల్ల గట్లనే తోలిండు. ఎన్ని సార్లు తోలుమన్నా తోలిండు. ఆ మాపు ఇద్దరం నవ్వుకుంట తిన్నం.

తెల్లారి బాబా వచ్చిండు ఇజ్బాకు. నేను ముందు తోలిన, మంచిగనే పోయింది. తర్వాత ఖాజన్న ఎక్కిండు. ఎక్కేముందు నా దిక్కు చూసిండు. తోలుకుంట వచ్చి వచ్చి, సగం దాక సక్కగ వచ్చి, స్టీరింగు అటు కొట్టిండు. ఉల్టా కొట్టిండు. ట్రాలీ పోయి డ్రమ్ముకు గుద్దింది, లైటు పలిగింది, బండికి సొట్ట వడ్డది. దిగి చేతులు కట్టుకొని నిలవడ్డడు, "మాఫ్ కరో బాబా, నాకు చేతనైతలేదు, మల్లేశానికైతె మంచిగ వచ్చు" అన్నడు. బాబా ఏం తిట్టలే. "మాఫీ ముష్కిలా" అన్నడు, అంటె ఏం పర్వాలేదని. నా భుజం తట్టిండు. బండి ఎట్లున్నదని అడిగిండు గాని, బజార్ల తిరగది బాబా అని నేను చెప్తుంటె ఇననే ఇనలే. గంతే, ఆ బండి ఉంచుకున్నడు, నన్ను ఉంచుకున్నడు.

నేను రూముల పట్టుకున్న ఖాజన్నను. "ఎందుకు గట్ల చేసినవ్, నాకు తెల్వదా" అంటె, "అరె, చెయ్యి జారింది తమ్మీ, ముసలోన్ని" అని పప్పు కలుపుతున్నడు. ముసలోడా? నలభై గుడ నిండలే. నాకు కోపం వచ్చింది, ఏడ్పు వచ్చింది, లోపట ఒక మూలకు సంబురం గుడ అయింది, దాచుడెందుకు. స్లాబు పడతది అనుకున్న.

ఖాజన్నను ఇంటికి పంపిన్రు. నేనే ఎయిర్‌పోర్టుల దింపిన, గా బండిలనే. పక్క సీట్ల కూసోని తోవంత ముచ్చట్లు చెప్పిండు, వాళ్ల మేనత్త పెండ్లిల వంటాయన ఎట్ల తిట్టిండో చేసి చూపిచ్చిండు. నేను నవ్వలేకపోయిన.

స్లాబు వడ్డది బిడ్డా. నువ్వు కూసున్నది దాని కిందనే. కని నేను ఆడ ఎట్లున్ననో ఎవలికి తెలుసు? ఒక్కడే డ్రైవరు గనుక శుక్రారం గుడ డ్యూటీ. ముంతజా పోవుడు బందయింది. వారాలకు వారాలు నోట్లె తెలుగు మాట లేదు. యల్లా, తమామ్ అని అరబ్బీల, రోజంత గవే మాటలు. ఒకనాడు నా పేరు నేనే బయటికి అన్న బండిల, ఎట్ల వినవడతదో అని. రూముల లైటు ఎయ్యబుద్ధి అయ్యేది కాదు. ఏడేండ్లు గట్ల గడిచినయ్.

వచ్చినంక ఇంట్ల అందరు మంచిగనే చూసుకున్నరు. అత్తరు సీసలు పంచిన, గడియారాలు పంచిన. ఊరంత వచ్చి ఎంత సంపాయించినవన్నరు, మల్ల ఎప్పుడు పోతవన్నరు. మీ అమ్మమ్మ గుడ "సిక్కిపోయినవ్" అన్నది, గంతే. తప్పు పడుతలేను దాన్ని. దానికి ఏం ఎరుక?

తర్వాత కోరుట్ల పోయిన, ఖాజన్న ఇల్లు అడుక్కుంట. చిన్న కిరాణ దుకాన్ పెట్టుకున్నడు. నన్ను చూసి లేసి నిలవడ్డడు, దుకాన్ల మంది ఉన్నా ఇడిశిపెట్టి వచ్చి నా రెండు చేతులు పట్టుకున్నడు. నేను ఏమేమో అడుగుదామని తోవంత అనుకుంట పోయిన. ఇయ్యాలన్న నిజం చెప్పుమందామని. నోరు తెరిచేలోపే ఆయన నా మొకం చూసి అడిగిండు. "ఒక్కనివి ఎట్లున్నవ్ రా తమ్మీ?"

గంతే బిడ్డా. గా మాట అప్పటిదాక నన్ను ఎవ్వరు అడగలే. గా రోడ్డు మీద, సైకిళ్లు పోతుంటె, అందరు చూస్తుంటె, నేను చిన్న పొల్లగాని తీరుగ ఏడ్చిన. ఆయన నా చెయ్యి ఇడువలే.

నిన్ను సుత గట్ల అడిగెటోల్లు ఒక్కలన్న ఉండాలె బిడ్డా, నీ బతుకుల... సల్లగుండు. సల్లంగుండు తల్లీ. ఆపు ఇగ, ఆపు ఆ ఫోను...