అందరిదీ అక్క పాస్‌వర్డే

కొత్త సాఫ్ట్‌వేర్ నేర్పడానికి వచ్చిన కుర్రాడు చేతిలో రిపోర్టు పట్టుకుని ఫ్యాక్టరీ గోడౌన్ గుమాస్తా బల్ల చుట్టూ మూడోసారి తిరిగాడు. ఆవిడ మౌస్ వదల్లేదు.

"అక్కా, మంగళవారం పదింటికి మీరెక్కడున్నారు?"

"ఈ కుర్చీలోనే. ఏం, ఇదేమైనా పోలీస్ స్టేషనా?"

"సాఫ్ట్‌వేర్ అలా అనట్లేదు. పదింటికి మీరు లారీకి సరుకెక్కించారు, బాయిలర్ బాగుచేశారు, గేటు దగ్గర కాపలా కాశారు. అదే నిమిషంలో సెలవు కూడా పెట్టారు."

"సెలవు డ్రైవర్ది. అందరూ నా పాస్‌వర్డుతోనే కదా..."

"పదిమందికీ వేరువేరుగా ఇచ్చాను, నేర్పాను!"

"నేర్పావు. 'ఈ ఒక్కసారికి నువ్వే కొట్టిపెట్టు అక్కా' అని వచ్చారు. ఒక్కసారి ఒక్కసారి అంటూనే నెలయింది."

"ఈ నెలంతా ఫ్యాక్టరీలో పనిచేసింది మీరొక్కరేనట. మిగతావాళ్ళకి సున్నా. పన్నెండింటికి ఓనర్ చూస్తారు. సున్నా వచ్చినవాళ్ళని ఇంటికి పంపేస్తానన్నారు."

ఆవిడ గడియారం చూసింది. పదకొండున్నర.

"జరిగింది చెప్పేద్దాం."

"చెప్తే, 'వాళ్ళని నా ముందు చేసి చూపించమను' అంటారు."

"అయ్యో, మౌస్ ముట్టుకోమంటే వాచ్‌మన్ పాముని చూసినట్టు చూస్తాడు. నేను పక్కనుంటే..."

"మీరు పక్కనుంటేనే వాళ్ళకి రావట్లేదు! వాళ్ళు ఒక్క అక్షరం వెతుక్కునేలోపు మీరు కీబోర్డు లాక్కుని పేజీ నింపేస్తారు."

ఆవిడ మౌస్ వదిలింది. పదిమంది బతిమాలుతుంటే నెలంతా కడుపు నిండినట్టే ఉంది మరి. కుర్చీలోంచి లేచింది.

"ముందు వాచ్‌మన్‌ని పిలువు. వాడి పేరు వాడే కొట్టాలి."

"మరి మీరు?"

"వెనకాల నిలబడతా. నా రెండు చేతులూ నువ్వు గట్టిగా పట్టుకో బాబూ. వాటి మీద నాకు నమ్మకం లేదు."