టక్ చేసిన చొక్కా

టెక్సస్‌లో ఒక చిన్న ఊరు. డెల్బర్ట్ తోలు సామాన్ల దుకాణం. మే నెల, బుధవారం మధ్యాహ్నం. కొట్లో ఇద్దరే ఉన్నారు: డెల్బర్ట్, అతని నుంచి విడిపోయిన భార్య రమోనాను ఆరేళ్ల కిందట పెళ్లి చేసుకున్న బ్యాండు మాస్టారు హాలిస్.

"చొక్కా బయటికి వదిలేసుకోండి మాస్టారూ. ఏ పిస్టల్ ఒరైనా దాని కింద దాక్కుంటుంది."

"వదలడానికి లేదు డెల్బర్ట్ గారూ. టక్ చేసుకోవాల్సిందే."

"బడిలో పిల్లలకి బాకాలు ఊదడం నేర్పడానికి టక్కు దేనికి?"

"బడికి కాదు. బడిలోకి పిస్టల్ ఎలా తీసుకెళ్తాను?"

"మరెక్కడికి?"

"ఒక... ఫంక్షనుకి."

"ఫంక్షనుకి."

"అవును."

"శనివారం, మెథడిస్టు చర్చిలో, పదకొండింటికి. మా క్యాలీ పెళ్లి. కార్డు నాకూ వచ్చిందిలెండి."

"వచ్చిన కార్డు తిప్పి పంపేశారు కదా."

"పైన మీ పేరుంది మరి. 'హాలిస్, రమోనా దంపతుల కుమార్తె' అని. నా కూతురు మీ కుమార్తె ఎప్పుడైందో చదువుకోవడానికి కళ్లజోడు రెండుసార్లు తుడుచుకోవాల్సొచ్చింది."

"అది అచ్చువేసేవాళ్లు..."

"అచ్చువేసేవాళ్లకి రాసిచ్చిందెవరు? సరే, పోనివ్వండి. పిస్టల్ తెచ్చారా?"

"తెచ్చాను. ఇదిగో."

"ఖాళీదేనా?"

"ఖాళీదే."

"నోటితో కాదు, తెరిచి చూపించండి. ఊఁ, చిన్నదే. మీరే చూసుకుని కొన్నారా?"

"రమోనా ఎంచింది."

"రమోనానా? నాతో ఉన్న పద్నాలుగేళ్లూ ఇంట్లో తుపాకీ ఉంటే ముద్ద దిగేది కాదు ఆవిడకి."

"కాలం మారింది కదండీ."

"మారింది కాలం కాదు, మొగుడు."

"నేను ఒర కోసం వచ్చాను డెల్బర్ట్ గారూ."

"పెద్ద రోడ్డు మీద ఇంకో రెండు కొట్లున్నాయి. నా దగ్గరికే ఎందుకొచ్చారు?"

"మీకంటే బాగా కుట్టేవాళ్లు లేరని రమోనా అంది."

"అందా? సరిగ్గా ఏమంది?"

"ఇప్పుడెందుకు అదంతా."

"అదేంటో చెప్పండి. ఆవిడ నా గురించి మంచి మాట అని చాలా ఏళ్లైంది."

"'మనిషి సంగతి వదిలెయ్, పనికి మాత్రం వంక పెట్టలేం' అంది."

"మనిషి సంగతి వదిలెయ్యమందా. బాగుంది. ఇటు రండి, చూపిస్తాను. ఇది బెల్టుకి బయట తగిలించేది. కోటు వేసుకుంటే దాగుతుంది, విప్పితే దాగదు."

"విందులో కోటు విప్పేస్తాను. ఎండలు చూస్తున్నారుగా."

"అయితే పనికిరాదు. ఇది ప్యాంటు లోపలికి పోతుంది. కానీ కొక్కెం ఒరకి అతుక్కుని ఉంటుంది. చొక్కా టక్ చేస్తే పిడి బయటే."

"మరి ఆ మూడోది?"

"దీనికి ఒరకీ కొక్కేనికీ మధ్య ఈ సందు చూశారా? చొక్కా ఇందులోకి దోపాలి. పిడి చొక్కా కిందే ఉండిపోతుంది. బయటికి కనిపించేదల్లా బెల్టు మీద ఈ నల్ల కొక్కెం. నల్ల బెల్టు మీద దాన్నెవరూ పట్టుకోలేరు."

"ఇదే ఇవ్వండి."

"పొట్లం కట్టిచ్చే సరుకు కాదు మాస్టారూ. తొడిగి చూడాలి. ప్యాంటు రెండంగుళాలు వదులుగా ఉండాలి, లేకపోతే పట్టదు."

"వదులు చేయించాను. రమోనా కుట్లు విప్పి మళ్లీ కుట్టింది."

"రమోనా కుట్టిందా?"

"నిన్నే కుట్టింది."

"నా చొక్కా గుండీ ఊడితే ఊడినట్టే ఉండేది."

"మీరెప్పుడైనా అడిగారా?"

"చెయ్యెత్తండి. కొలవనివ్వండి. ఆ ఇస్త్రీ కూడా ఆవిడేనా?"

"ఇస్త్రీ నాది. ఆవిడ బట్టలకి కూడా నేనే చేస్తాను."

"అడక్కుండా ఉండాల్సింది. ఊఁ, కుడి తుంటికి కాస్త వెనకగా పెట్టాను. కూర్చోండి. గుచ్చుకుంటోందా?"

"కొంచెం."

"అలవాటవుతుంది. లేవండి. కింద పడిందేదైనా తియ్యాలంటే మోకాళ్ల మీద దిగండి. నడుం వంచారంటే వెనక పొడుచుకొస్తుంది."

"ఎవరైనా కావలించుకుంటే తెలుస్తుందా?"

"మిమ్మల్నెవరు కావలించుకుంటారు?"

"పెళ్లి కదండీ. అందరూనూ."

"క్యాలీనా?"

"క్యాలీ కూడా. తనకి తెలియకూడదు, అందుకే అడుగుతున్నాను."

"నాకు చెయ్యి కూడా ఊపడం మానేసింది. మీకు కావలింతలు. సరే, ఏం తెలియకూడదు? ఈ ఊళ్లో సగం మంది ఇలాంటివి పెట్టుకుని తిరుగుతారు, నేనెవర్నీ ఎందుకని అడగను. కానీ మీరు మొన్నటిదాకా తుపాకీ ముట్టని మనిషి. కూతురి పెళ్లికి పిస్టల్ దేనికి?"

"జాగ్రత్త కోసం."

"దేని నుంచి జాగ్రత్త?"

"ఊరికే. రోజులు బాగోలేవు."

"మాస్టారూ, మీకు అబద్ధం చెప్పడం కూడా రాదు. చెప్తేనే ఒర ఇస్తాను."

"డస్టిన్."

"ఏ డస్టిన్? ఇదివరకు క్యాలీతో తిరిగి, దాని చెయ్యి విరగ్గొట్టి జైలుకి పోయాడే, వాడా?"

"మార్చిలో వదిలారు. పెళ్లి కబురు విన్నాడు. 'ఆ రోజు నేనూ వస్తాను, చూసుకో' అని క్యాలీ ఫోనుకి రెండుసార్లు మెసేజీ పెట్టాడు."

"షెరీఫుకి చెప్పారా?"

"చెప్పాం. క్యాలీ దరిదాపులకి రాకూడదని జడ్జి ఉత్తర్వు కూడా ఉంది. చర్చి దగ్గర ఒక డెప్యూటీ పోలీసుని పెడతామన్నారు. కానీ చర్చికి గుమ్మాలు మూడు. లోపల మనవాళ్లలో ఒకరు కనిపించకుండా పిస్టల్ పెట్టుకుంటే మంచిదని పాస్టరు గారే అన్నారు."

"ఇంత జరుగుతుంటే నాకెవరూ చెప్పలేదేం?"

"క్యాలీ వద్దంది."

"అంటే, నా కూతురు మీకు చెప్పుకుంది. నాకు మాత్రం చెప్పొద్దంది."

"మీకు తెలిస్తే శనివారం దాకా ఆగరంది. వాణ్ణి వెతుక్కుంటూ పోతారంది. పెళ్లి రోజు నాన్న జైల్లో ఉండకూడదంది."

"నాన్న అందా?"

"నాన్న అనే అంది."

"మరి మిమ్మల్నేమంటుంది?"

"హాలిస్ అంటుంది. ఆరేళ్లుగా అంతే."

"ఎప్పుడూ నోరు జారనైనా జారలేదా?"

"లేదండీ. నేను ఎదురుచూడలేదని మాత్రం అనను."

"సరే. అటు గోడ వైపు తిరగండి. ఖాళీదేగా, తీసి చూపించండి."

"ఇలాగా?"

"కాదు. కుడిచెయ్యి ఒక్కటే అయితే రాదు, చొక్కా అడ్డం. ముందు ఎడమచేత్తో చొక్కా పట్టుకుని పైకంటా లాగాలి. అప్పుడు కుడిచెయ్యి పిడి మీదికి. వేలు ట్రిగ్గరు మీదికి పోనివ్వకండి. మళ్లీ చెయ్యండి."

"చిక్కుకుంది."

"మళ్లీ."

"ఈసారి వచ్చింది."

"వచ్చింది, ఏడు సెకన్లకి. చర్చి గుమ్మం నుంచి క్యాలీ నిలబడే చోటికి మనిషి పరిగెత్తడానికి ఏడు సెకన్లు అక్కర్లేదు."

"తెలుసు. మీరొకసారి తీసి చూపించండి, నేర్చుకుంటాను."

"అవి ఇటివ్వండి, తొడుక్కుంటాను. ఊఁ, చూడండి మరి. ఇలా... ఇలా. అంతే."

"రెండు సెకన్లు కూడా కాలేదు."

"నేను లెక్కపెట్టలేదు."

"నేను పెట్టాను. తాళం లెక్కపెట్టడం నా ఉద్యోగం. డెల్బర్ట్ గారూ, ఎడమచెయ్యి లేకుండా కుదరదా?"

"కుదరదు. టక్ చేశాక అది రెండు చేతుల పని."

"అయితే నేను..."

"ఏంటి, చెప్పండి."

"గుమ్మం నుంచి పాస్టరు గారి దాకా, తండ్రి నడిచే చోట, క్యాలీ నా ఎడమచెయ్యి పట్టుకుని నడుస్తుంది."

"నడుస్తుంది, నాకు తెలుసు. నా కొట్లో నిలబడి మళ్లీ గుర్తు చెయ్యక్కర్లేదు."

"గుర్తు చెయ్యడం కాదు. పిస్టల్ పెట్టుకున్నవాడు పెళ్లికూతురికి చెయ్యివ్వలేడు అంటున్నాను. ఈ రెండూ ఒక్కడు చేసే పనులు కావు."

"అయితే ఏం చేస్తారు?"

"వెనక బెంచీలో నేను కూర్చుంటాను. క్యాలీతో మీరు నడవండి."

"ఏమన్నారు?"

"మీరు నడవండి. రమోనాతో నేను చెప్తాను. క్యాలీ కాదనదు. కార్డు తిరిగొచ్చిన రోజు తను సాయంత్రం దాకా గది తలుపు తియ్యలేదు."

"జాలిపడి ఇస్తున్నారా?"

"జాలి కాదు. ఇవ్వాలని లేదు కూడా. ఆ పదిహేను అడుగుల కోసం నెల రోజుల నుంచి అద్దం ముందు నడక ప్రాక్టీసు చేస్తున్నాను. రమోనా నవ్వుతోంది."

"మీరు నడుస్తారని తలుచుకుని తలుచుకుని వారం రోజులుగా కంటిమీద కునుకు లేకుండా ఉన్నాను."

"అందుకే తీసుకోమంటున్నాను. మళ్లీ అడిగేలోపు నా మనసు మారినా మారుతుంది."

"నేను ముందు నడుస్తుంటే, వెనక మీరు, ఏడు సెకన్లకి తీసే ఆ చేతులతో."

"రెండు రోజులుంది. నేర్చుకుంటాను."

"రెండు రోజుల్లో ఎవరికైనా బాకా నేర్పారా మాస్టారూ?"

"లేదు."

"ఈ ఒర నా నడుముకే ఉండనివ్వండి. మీ పిస్టల్ పెట్టెలో పెట్టి తాళం వేసుకోండి."

"అదేంటండీ? నాకు అమ్మరా?"

"అమ్మను. పాస్టరుతో నేనే మాట్లాడతాను. పదింటికల్లా వస్తాను, వెనక బెంచీలో గుమ్మాలు మూడూ కనిపించేలా నాకో చోటు ఉంచండి."

"ఈలోపు వాణ్ణి వెతుక్కుంటూ పోరుగా?"

"పోను. క్యాలీకి మాటిచ్చానని చెప్పండి."

"మరి నడక సంగతి? నాన్న మీరు కదా డెల్బర్ట్ గారూ."

"అందుకే చెప్తున్నాను. అమ్మాయి చెయ్యి మీరు పట్టుకోండి. చొక్కా నేను టక్ చేసుకుంటాను."