లోయలో మేకల కేక

జమ్మలమడుగు అవతల, పెన్నా లోయ అంచున, మేకలు కాసే ఆమె బండ మీద కూర్చుంది. టూరిస్టు బస్సుల వెంట తిరిగే గైడు, వరసకు మేనల్లుడు, పక్కన వచ్చి నిలబడ్డాడు.

“అత్తా, మేకల్ని ఒకసారి పిలువు. మావోళ్లు వీడియో తీసుకుంటారంట.”

“మీవోళ్లే పొద్దన్నుంచీ పిలుస్తాండారు గదరా. లోయంతా మోగిపోతాంది.”

“నీ కేక వాళ్లకు నేనే నేర్పించినా. అట్ల అరిస్తే లోయ తిరిగి పలుకుతాది గదా, దానికే చప్పట్లు కొడతారు. నువ్వు శానా ఫేమస్ అత్తా.”

“మేకలు గూడా నేనే అనుకొని ఉరికినాయి. మొన్న సూడిమేక అంచుదాకా పోయి లోయలో పడింది.”

“నీ గొంతు వాటికి తెలీదా?”

“లోయలో పడి తిరిగొచ్చే గొంతు ఎవురిదని తెలుస్తాది? నన్నెవురు పిలిచినారా అని నేనే తిరిగి చూసినా.”

అతను వెనక్కి తిరిగి బస్సు వైపు చూశాడు.

“బస్సులు రాకపోతే మా ఇంట్లో పొయ్యి వెలగదు అత్తా.”

“రావద్దన్నానా? మేకలకు వేరే కేక అలవాటు చేసినా, అంతే.”

“ఏందది? నాకొక్కనికే వినిపించు.”

లోయలోంచి ఆమె పాత కేక, ఎవరెవరి గొంతులతోనో, మళ్లీ పైకి వచ్చింది. మేకల్లో ఒక్కటీ తల ఎత్తలేదు. అవతల బస్సు హారన్ మోగింది.

“నిన్ను పిలుస్తాండారు, పో నాయనా. నువ్వు పోయినాంక నా మేకల్ని నేను పిలుచుకుంటా.”