రంగంలో దాలమ్మ సుట్ట

దాలమ్మని ఒకర్తుండీది. మొగుడు పోయాడు, పిల్లల్నేరు. బారువ రేవు పక్కన ఎండుసేపలు అమ్ముకునీది. మనిషి ఎలాటిదంటే, నువ్వు మజ్జిగిచ్చావనుకో, ముందు నువ్వో గుక్క తాగు సూద్దారి అంటాది. అలాటిది. ఆ రోజుల్లో మనోళ్ళు రంగం ఎల్లీవోరు. మీరిప్పుడు రంగూననీసి రాసుకుంటారే, అదే. పొగ ఓడెక్కి సముద్రం దాటెల్లాల. అక్కడన్నీ బియ్యం మిల్లులు. ఒక మేస్త్రి ఒచ్చి మనూళ్ళ మనుసుల్ని జట్టు కట్టి తీసికెల్తుంటే, ఈ దాలమ్మ కూడా బియ్యం సెరిగీ పనికని ఎల్లింది. ఎల్లిందా, ఏటైందంటే, మేస్త్రి ఆడోళ్ళందర్నీ ఒక పెద్ద పాకలో ఎట్టాడు. దాలమ్మ ఆడి మొకం సూసింది. నవ్వుతన్నాడు. "పని సేయించుకునీవోడు ఎందుకు నవ్వుతాడు? ఇందులో ఏదో ఉంది" అనీసి మూట సంకనెట్టుకుని బయటికొచ్చీసింది. జట్టులో ఆడోళ్ళు "ఓలప్పా, బాస రాదు, మనిషి తెలీదు, ఒక్కర్తివీ ఎక్కడుంటావే" అంటే, "తెలీనోళ్ళ మజ్జినుంటే ఎవుల్నీ నమ్మక్కర్నేదు. అదే సులువు" అన్నాదంట. సూసారా మాట!

అక్కడ గున్నయ్యని మన సోంపేట కాడోడు ఒకడు రిక్షా లాగీవోడు. ఆడికి ఆ ఊరి బాస ఒచ్చు. ఆడే ఒక సందులో గది మాటాడిపెట్టాడు. ఇంటాయన్తో ఏదో రెండు ముక్కలన్నాడు, ఆయన తలూపాడు, గది కుదిరిపోయింది. అదీ అనుమానమే దానికి. ఇంత బేగి ఎలా కుదిరింది? ముందుగుండానే అనీసుకున్నారేటి ఈళ్ళిద్దరూ? సరే, గదిలో దిగింది. ఆ సందు ఎలాగుండీదంటే, ఇళ్ళకి కాళ్ళు. నవ్వకండర్రా, నిజిం. నాలుగు కర్రల మీద ఇల్లు, కింద కాళీ, పైకెల్లడానికి మెట్లు. గోడలు సెక్కవి, పైన ఆకుల కప్పు. "ఇంటికి కాళ్ళెందుకు? కింద ఏటి దాస్తారు?" అని ఒంగి ఒంగి సూసీదంట. ఆడోళ్ళందరూ బుగ్గలకి ఏదో సెక్క అరగదీసి తెల్లగా పూసుకునీవోరు. పసుపు కాదు, గందం కాదు. మరి మొకం మీద మొకం ఎందుకేసుకున్నట్టు? సందు మొగన నీల్లకుండలు పెట్టి, మీద సిన్న కప్పేసి, తాగడానికి కొబ్బరిసిప్ప ఎట్టీవోరు. ఎవుడూ కాపలా ఉండడు, ఎవుడూ అడగడు. దాలమ్మ అవి ముట్టనేదు. "ఊరికే నీల్లెవుడిస్తాడు? అందులో ఏదో కలిపుంటారు" అనీసి, ఎండలో మిల్లు కాణ్ణించి సొంత ముంతతో మోసుకునీది. ఇంకోటేటంటే, అది సందులో నడుస్తా ఉంటే ఎవులో ఒకలు "కొరంగీ" అనీవోరు. అక్కడ మనోల్ని అలాగే పిలుస్తారంట, తిట్టూ కాదు, మెప్పూ కాదు. దానికేటి తెలుసు? "పొద్దున్న లెగిసి నన్నే తిడతన్నారు" అనుకునీది. తలుపేసుకునీది, గడియేసుకునీది, గడియకి తాడు కట్టీది.

ఇప్పుడు సుట్ట కాడికొద్దాం. ఈ రాసుకుంటన్న పట్నం బాబుకి తెలీదు గావాల, సెప్తాను. మా పక్క ఆడోళ్ళం అడ్డపొగ తాగుతాం. అంటే సుట్ట ముట్టించి, నిప్పున్న కొస నోట్లో ఎట్టుకుని, పెదాలు మూసి పీలుస్తాం. నాకు ఇప్పుడు నోట్లో ఉన్నదలాటిదే. కాలదు బాబూ, అలవాటు. సముద్రం గాలికి సుట్ట ఆరిపోకుండా మా అమ్మలు, అమ్మమ్మలు అలాగే తాగీవోరు. దాలమ్మ కూడా అంతే. సాయంత్రం మిల్లు నించొచ్చి, గంజి తాగి, మెట్ల మీద కూకుని, సుట్ట ముట్టించి, తిప్పి, నిప్పు లోపలికెట్టీసింది. అంతే, సందంతా గప్‌చిప్. పిల్లల్ని రెక్క పట్టుకుని లోపలికి లాగీసారు. తలుపులు టపటపా పడిపోయాయి. దాలమ్మ అనుకుంది, "నాను బయటికొచ్చి కూకుంటే ఈళ్ళు లోపలికెల్లిపోతన్నారు. లోపల కూడి ఏదో అనుకుంటన్నారు. సరే, నానూ సూస్తాను" అనీసి ఇంకో సుట్ట ముట్టించింది. అది తాగీకొద్దీ ఆళ్ళకి బయం, ఆళ్ళు బయపడీకొద్దీ దీనికి అనుమానం. అలాగ జరిగింది కొన్నాళ్ళు.

ఎదురింటి ముసిల్ది ఒక్కర్తే లోపలికెల్లీది కాదు. ఆవిడ పేరు డా సెయిన్ అంట. దాలమ్మ నోరు తిరక్క సేనమ్మ అనీది, మనమూ అలాగే అనుకుందాం. సేనమ్మ కూడా పొగ తాగీది. మొక్కజొన్న పొత్తంత లావు సుట్ట, నిప్పు బయటికి. ఇది ఈ మెట్ల మీద, అది ఆ మెట్ల మీద. ఇది దాన్ని సూసీది, అది దీన్ని సూసీది. మాట నేదు, నవ్వు నేదు. "ఈ ముసిల్దే అందరికీ పెద్ద. దీన్ని కనిపెట్టుకుంటే సాలు" అని దాలమ్మ అనుకుంది. అటుపక్క సేనమ్మ కూడా దీన్ని గురించి అదే అనుకుందంట.

అలాగుండగా ఏటైందంటే, ఒక దినం మిల్లు మూసీసారు. మట్టమద్దినం, ఎండ సంపేస్తన్నాది. సేనమ్మ ఇంటెనక వంటపాక కప్పు బగ్గుమని లెగిసింది. ఆకుల కప్పు కదా, ఆగుతాదేటి? కేకలు, పరుగులు. దాలమ్మ కూడా సుట్ట నోట్లో ఎట్టుకునే పరిగెట్టి, అంత దూరం నించి మోసుకొచ్చుకున్న నీల్లు కాస్తా ఆ మంట మీద గుమ్మరించీసింది. అందరూ తలో కుండ పోసి ఎలాగో ఆర్పారు. మనుసులకేటీ కానేదు, పాక సగం పోయింది. ఊపిరి తీసుకుని అందరూ ఇటు తిరిగి సూస్తే, మజ్జిలో దాలమ్మ. ముంత సేతిలో ఉంది, నోట్లోంచి పొగొస్తన్నాది. ఇంకేటుంది! "కొరంగీ! కొరంగీ!" అని సుట్టుముట్టీసారు. సేనమ్మ కోడలైతే మీదికొచ్చీసింది. ఇంటాయన దాలమ్మ సాపా, మూటా మెట్ల మీద నించి కిందకిసిరేసాడు. దాలమ్మ ఏటనుకుంది? "నన్ను ఎల్లగొట్టడానికి ఆళ్ళ పాక ఆళ్ళే కాల్సుకున్నారు" అనుకుంది. అక్కడిదాకా ఎల్లిపోయింది దాని బుర్ర!

ఎవులో ఎల్లి గున్నయ్యని తీసుకొచ్చారు. ఇంటాయన సెయ్యూపుతా పెద్ద మాటలు సాలా మాటాడేడు. గున్నయ్య ఇటు తిరిగి, "అప్పా, నువ్వు నిప్పు తింటావంట. తిన్న నిప్పు తెచ్చి కప్పుల మీద ఉమ్ముతావంట. నిన్ను పోలీసోల్లకి అప్పసెప్తారంట" అన్నాడు. దాలమ్మ ఆడి మొకంలోకి సూసింది. "ఆయన అంత పొడుగు మాటాడితే నువ్వింత పొట్టిగా సెప్తావేటి? మిగతాదేటి సేసావు?" అన్నాది. "మిగతావన్నీ తిట్లప్పా, నీకెందుకు అవి? మూట తీసుకో, మేస్త్రి పాక్కి పోదాం, అక్కడ మనోళ్ళున్నారు" అని ఆడు సెయ్యి పట్టుకున్నాడు. సొంతూరు సముద్రం అవతల, ఒక్కర్తి, మాట రాదు, పోలీసోల్లంటన్నారు. దాలమ్మకి ఎల్లిపోవాలనే అనిపించింది. కానీ ఎల్లిపోతే నిప్పెట్టింది ఇదేనని కాయమైపోద్ది. ఉండి ఈడి సేత సెప్పిద్దారంటే, ఈడేటి సెప్తాడో ఎవుడికెరిక? "నువ్వేటీ సెప్పకు. నోరు మూసుకుని నిల్చో" అన్నాది.

అనీసి, మూటిప్పి, ఉతికిన తెల్ల కోక తీసి, సందు మజ్జిన నేల మీద పరిసింది. పరిసి, దాని మీద మటం ఏసుకుని కూకుంది. సుట్ట ముట్టించింది, తిప్పింది, నోట్లో ఎట్టింది. జనం ఒక్కసారి ఎనక్కెల్లారు. ఇది ఎవుల్నీ సూడకుండా, తాపీగా, కొస దాకా తాగింది. ఆయిపోయాక మోరీ కాడికెల్లి నోట్లో బూడిదంతా ఉమ్మీసి, నోరు తెరిసి నాలిక సూపించింది. కోక ఎత్తి దులిపి సూపించింది. ఒక్క నలుసు నేదు. మల్లా పరిసి, సేనమ్మ వైపు సెయ్యి సాపి, రా కూకో అని సైగ సేసింది. సేనమ్మ కదల్నేదు. కోడలే నెట్టింది ముందుకి. ముసిల్ది ఒచ్చి కూకుంది, తన లావు సుట్ట ముట్టించింది, పీల్చింది. ఇంకో పీల్పు పీల్చింది. నిప్పు కొస ఇరిగి టప్పున కోక మీద పడింది. అందరూ సూస్తండగానే గుడ్డ నల్లబడి, ఎర్రబడి, బొక్క పడిపోయింది.

ముందు కోడలు ఎత్తుకుంది. "నువ్వేనా! నీ సుట్టేనా నా పాక కాల్సింది!" అని అత్తని, సందంతా ఇనీలాగ. దాలమ్మ మీదున్న కళ్ళన్నీ ముసిల్దాని మీదకెల్లిపోయాయి. గున్నయ్య ఎగిరి గంతేసాడు. "గెలిసీసావప్పా!" అన్నాడు. దాలమ్మకి సంతోసం రావాల కదా. రానేదు. సేనమ్మ ఆ బొక్క కేసి సూస్తా అలాగే కూకుండిపోయింది. సుట్టూ అందరూ తనోళ్ళే, ఒక్కలూ పక్కకి రానేదు. "ఇప్పటిదాకా నాను కూకున్న సోటులో ఇది కూకుంది" అనిపించింది దాలమ్మకి. ఎల్లి, సేనమ్మ పక్కన, సరిగ్గా ఆ బొక్క మీద కూకుండిపోయింది. "గున్నయ్యా, పొయ్యిలోంచి నిప్పురవ్వెగిరిందని సెప్పు" అన్నాది. "నువ్వు సూసావేటప్పా?" అన్నాడాడు. "సూడనేదు. నాను ఉమ్మడం ఆళ్ళు మాత్రం సూసారేటి? ఇది పడెయ్యడం ఎవులైనా సూసారా? సెప్పు. పాక కప్పడానికి నానూ ఒక సెయ్యేస్తానని కూడా సెప్పు. ఒక్క ముక్క మింగీసావా, నాకు తెలిసిపోద్ది." "నీకు బాస రాదు కదప్పా?" "నీ మొకం సదవడం ఒచ్చు."

ఆడు సెప్పాడు. ఈసారి పొడుగ్గానే సెప్పాడు. ఇంటాయన గెడ్డం గోక్కుని, వంగి, దాలమ్మ సాప తనే ఎత్తి మెట్ల మీదెట్టాడు. కోడలు గొణుక్కుంటా లోపలికెల్లింది. జనం మెల్లిగా సర్దుకున్నారు. అప్పుడు సేనమ్మ ఏటి సేసిందనుకున్నారు? దాలమ్మ మూటలోంచి ఒక సుట్ట లాక్కుని, ముట్టించి, తిప్పి, నిప్పు కొస నోట్లో ఎట్టీసుకుంది! ఎట్టుకుని ఒక్క కేకేసింది సూడండి! నాలిక బయటెట్టి సందంతా గెంతులే గెంతులు. పిల్లలు నవ్వారు, ఇంటాయన నవ్వాడు, లోపలికెల్లిన కోడలు కూడా తొంగి సూసి నవ్వీసింది. దాలమ్మ మాత్రం నవ్వనేదంట. "దీన్ని సరిగ్గా నేర్పాల" అనుకుందంట.

మరి ఆ తర్వాత దాలమ్మ మారిపోయిందా, అందర్నీ నమ్మీసిందా అంటారా? ఏటి మారుతాది? గడియ గడియే, తాడు తాడే. కాకపోతే సాయంత్రాలు ఎదురు మెట్ల మీదికెల్లి కూకునీది. కొన్నాళ్ళకి ఆ సందులోకి ఒక కొత్త సంసారం దిగింది. మొగుడూ పెళ్ళాం, పెద్ద పెద్ద పెట్టిలు, పంజరంలో ఓ పిట్ట. మెట్ల మీద ఇద్దరూ సుట్టలు కాలుస్తా ఆళ్ళని కింద నించి పైదాకా సూసారంట. సేనమ్మ తన బాసలో ఏదో అన్నాదంట. దాలమ్మ మన మాటలో "అవునే, వాలకం బాగోనేదు. అన్ని పెట్టిలెందుకు?" అన్నాదంట. ముసిల్దేటన్నాదో దీనికి తెలీదు, ఇదేటన్నాదో ముసిల్దానికి తెలీదు. ఇద్దరూ ఒకటే అన్నారని మాత్రం నాను ఒట్టేసి సెప్తాను. ఒక్కర్తీ కూకుని ఊరందర్నీ అనుమానిస్తే మనిషి ఎండిపోద్ది బాబూ. పక్కన ఇంకొకర్తుందనుకో, అదో కాలచ్చేపం. సాలు, ఇంక లెగండి. ఏటి బాబూ, ఇదంతా రాసుకుంటన్నావు, ఎవుడికి సూపిస్తావు?