నాలుగు స్క్రూల పని

హలో… ఆ, నేనే, రామచంద్రరావునే… ఎవరూ, నయీమా? రిపేరు షాపు నయీమేనా? మా ఆవిడ చెప్పిందిలే, లాప్‌టాప్ స్క్రీన్ మార్చడానికి వస్తావని.

అక్కర్లేదయ్యా, నువ్వు రాకు. నేనే మార్చేస్తున్నా… ఆ, నేనే! ఎందుకా నవ్వు? ఈ ఎడారి దేశంలో, రాస్ అల్ ఖైమాలో ముప్పై అంతస్తుల బిల్డింగు లేపినవాణ్ణి, నాలుగు స్క్రూలు విప్పలేనా? కొత్త ప్యానెల్ వచ్చింది, వీడియో చూశాను. ఖలాస్!

ఏంటీ… ముందు బ్యాటరీ వైరు పీకాలా?… స్విచ్ ఆఫ్ చేశానయ్యా! ఆఫ్ చేశాక ఇంకా కరెంటెక్కడిది?… మళ్ళీ అదే మాట. మీ షాపుల వాళ్ళంతా ఇంతే, గోరంతను కొండంత చేస్తారు.

తెలుసు, తెలుసు. ఐదింటికి మా ఆవిడ కృష్ణవేణికి డెమో క్లాసు. స్కూలు వాళ్ళు అది ఆన్‌లైన్‌లో చూశాకే టీచరు ఉద్యోగం ఇస్తారు. రెండేళ్ళ నుంచి ఎదురుచూస్తోంది పాపం… అందుకేగా నా తొందర! అజ్మాన్ ట్రాఫిక్‌లో నువ్వు ఎప్పటికి ఊడిపడతావు?

లైన్‌లోనే ఉండు, నేర్చుకుందువుగాని… అంచు ఊడింది… పాతది వచ్చేసింది… ఏదో సన్న వైరు తెగింది, ఆఁ, ఏం కాదులే… కొత్తది గుచ్చేశా… అబ్బబ్బా, మూడోసారి! బ్యాటరీ, బ్యాటరీ! చెవిలో జోరీగలా ఏంటయ్యా నీ గోల?… ఇదిగో, ఆన్ చేస్తున్నా. యల్లా, పద పద!

…

…రాలేదేంటి?

ఉండు… లైటు వెలిగింది, ఫ్యాను తిరుగుతోంది. బొమ్మే లేదు. పాడైన ప్యానెల్ అంటగట్టారు దొంగ వెధవలు… ఏంటీ, టార్చి వేసి చూడాలా?… ఆ… ఉంది… లీలగా కనబడుతోంది.

అంటే?… లోపల తెరకి వెలుగిచ్చే ఫ్యూజ్ పోయిందా?… బ్యాటరీ పీకకుండా గుచ్చినందుకా?… ఆ తెగిన వైరు… కెమెరాదా!

బాగుచెయ్యడానికి రెండు రోజులా? ఐదింటికి క్లాసు నయీమ్!… మీ దగ్గర ఇంకోటి ఉందా? తెస్తారా? పాఠాలన్నీ దీన్లోనే… డిస్క్ తీసి దానికి తగిలిస్తారా? బతికించారు నయీమ్ గారూ, మీ రుణం ఉంచుకోను.

ఒక్క నిమిషం, మా ఆవిడ వచ్చింది… వేణీ, అదీ… నా తప్పేం లేదే. ఈ నయీమ్ ఫోన్లో చెబుతుంటే విప్పాను. అతని మాట విని చెడిపోయాను…

హలో… విన్నారా?… అది కాదండీ, ఇంట్లో నా పరువు… వస్తారు గానీ, నిజం చెబితేనే బయల్దేరతారా?… ఇప్పుడేనా?… మీరు వింటుండగానా?

…

వేణీ… ఇలా రా. విప్పింది నేనే. బ్యాటరీ పీకమని ఆయన మూడుసార్లు చెప్పారు. నేనే వినలేదు… ఏడవకే. ఆయన వేరేది తెస్తున్నారు, నీ క్లాసు ఆగదు.

విన్నారుగా నయీమ్ గారూ?… ఆ, నాలుగయింది, త్వరగా రండి… లేదండీ, ఇంక దేన్నీ ముట్టుకోను. స్క్రూడ్రైవర్ మా ఆవిడ లాగేసుకుంది… ఉంటానండీ.